ఆన్‌లైన్‌లో ఇంత రచ్చ జరుగుతుంటే, మామూలుగా ఆడుకునేవాళ్లకి పట్టింపు ఉంటుందా?

#1 సేవ్‌పాయింట్

మొన్న ఆదివారం ఒక గేమ్ మీద నడుస్తున్న గొడవ గురించి మూడు గంటల వీడియో చూశాను. ఆ మూడు గంటలు హాయిగా గేమే ఆడుకోవచ్చు. అయినా కూర్చుని చూశాను. కంపెనీ ఏమంది, డైరెక్టర్ ఏం పోస్టు పెట్టి తీసేశాడు, ఎవరు ఎవర్ని అన్‌ఫాలో చేశారు, అన్నీ నోటికొచ్చేశాయి. ఒళ్లు మండిపోయి మా బావకి ఫోన్ చేశాను, ఆయన రోజూ ఆడేది అదే గేమ్ మరి. పిల్లలు పడుకున్నాక రాత్రిపూట ఒక గంట ఆడతాడు, అంతే. అలా అలా రెండు వందల గంటలు దాటేశాడు.

మొత్తం పూస గుచ్చినట్టు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని ఒకటే అడిగాడు: "అది సరే గానీ, గుర్రం దిగేటప్పుడు మనిషి గోడలో ఇరుక్కుపోతున్నాడు. అదెప్పుడు సరిచేస్తారంట?"

గొడవ ఉందనే ఆయనకి తెలీదు. నేను చెప్పాకైనా పట్టలేదు. అప్పట్నుంచీ నాకు ఒకటే ఆలోచన. మనం ఇక్కడ రోజుల తరబడి పడే ఈ కొట్లాట అంతా మనలో మనకేనా? గేమ్‌లు కొని, ఆడి, పక్కన పెట్టేసే కోట్లమందికి దీంతో ఏమైనా సంబంధం ఉందా?

గేమ్ పేరు మాత్రం అడగొద్దు. ఆ గొడవ ఇక్కడికి కూడా వస్తే నేను తట్టుకోలేను.

#2 పాతకన్సోల్

దీనికి సమాధానం 2009లోనే దొరికింది తమ్ముడూ. కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2 పీసీ వెర్షన్‌లో డెడికేటెడ్ సర్వర్లు ఉండవన్నారు. అప్పటిదాకా పీసీలో ఆడేవాళ్లకి అది ఊపిరి లాంటిది. సొంత సర్వర్, సొంత రూల్స్, రోజూ కలిసే పాతముఖాలు. దాన్ని తీసేస్తే ఊరుకుంటారా? పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో 'బాయ్‌కాట్' పేరుతో గ్రూపు పెట్టారు, జనం ఎగబడి చేరారు, శపథాలు చేశారు.

గేమ్ వచ్చిన రోజు ఎవరో ఆ గ్రూపు సభ్యుల లిస్టు ఫొటో తీసి పెట్టారు. వరసగా పేర్లు, చాలామంది పేరు కింద ఒకటే మాట: ఇప్పుడు ఆడుతున్న గేమ్, మోడర్న్ వార్‌ఫేర్ 2. మొదటి 24 గంటల్లో ఒక్క ఉత్తర అమెరికా, బ్రిటన్‌లలోనే 47 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి.

మీరు అడిగేలోపు నేనే చెప్పేస్తాను. ఆ ఫొటోలో నేను లేను. నేను రెండో రోజు కొన్నాను.

#3 పిక్సెల్‌పిచ్చి

ఆ స్క్రీన్‌షాట్ చూపించీ చూపించీ అరిగిపోయింది అన్నా. ప్రతి చర్చలోనూ అదే తెచ్చి, అయిపోయింది, ఇంక ఇళ్లకి పొండి అంటారు. మరి 2017 సంగతేంటి?

స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2. పూర్తి డబ్బు పెట్టి కొన్న గేమ్‌లో డార్త్ వేడర్‌గా ఆడాలంటే 60 వేల క్రెడిట్లు కావాలి. గంటలకి గంటలు కష్టపడి పోగెయ్యాలి. ఎవరో రెడిట్ చర్చా సైట్‌లో అడిగితే ఆ గేమ్ అమ్మే ఈఏ కంపెనీ వాళ్లు తాపీగా, అలా కష్టపడి సాధిస్తే ఆటగాళ్లకి గర్వంగా, సాధించామన్న తృప్తిగా ఉంటుందని జవాబిచ్చారు. ఆ కామెంట్‌కి 6 లక్షల 60 వేలకి పైగా డౌన్‌వోట్లు (నచ్చలేదన్న ఓట్లు) పడి గిన్నిస్ రికార్డుల్లోకెక్కింది. తర్వాత ఏమైంది? హీరోల రేటు 75 శాతం తగ్గించారు. విడుదలకి ముందురోజు గేమ్ లోపల డబ్బుతో కొనే ఏర్పాటే ఆపేశారు. అమ్మకాలు కోటి అనుకుంటే 90 లక్షల దగ్గర ఆగాయి. 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ కొన్ని గేమ్‌ల లూట్ బాక్సులు, అంటే బ్యాటిల్‌ఫ్రంట్‌లో ఉన్నలాంటి, లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలు, జూదం కిందకే వస్తాయని తేల్చింది.

ఇదంతా ఎవరి వల్ల? అరిచినవాళ్ల వల్ల. మీ బావ లాంటివాళ్లు ఆ సుఖం ఉచితంగా అనుభవించారు.

#4 సేవ్‌పాయింట్

మా బావని ఏమీ అనొద్దు బ్రో, అక్క ఈ సైట్ చూస్తుంది 😄

పాయింట్ మాత్రం బాగుంది.

#5 పాతకన్సోల్

> మీ బావ లాంటివాళ్లు ఆ సుఖం ఉచితంగా అనుభవించారు.

ఏ సుఖం? అదే కంపెనీ, అదే ఏడాది, ఫుట్‌బాల్ గేమ్‌లో ప్యాక్‌లు అమ్ముతూనే ఉంది కదా. లోపల ఏ ఆటగాడొస్తాడో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే ప్యాక్. బ్యాటిల్‌ఫ్రంట్‌లో తిట్టింది సరిగ్గా దీన్నే. 2021 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఈ ప్యాక్‌లు అమ్మే అల్టిమేట్ టీమ్ మోడ్‌ల నుంచే ఈఏకి 160 కోట్ల డాలర్లకి పైగా వచ్చింది. అంటే అంత పెద్ద డౌన్‌వోట్ తుఫాను తర్వాత కూడా ప్యాక్‌ల వ్యాపారం పెరిగింది.

ఎందుకంటావ్? స్టార్ వార్స్ గేమ్ కొనేవాళ్లలో చాలామంది రెడిట్ చదివేవాళ్లు, వీడియోలు చూసేవాళ్లు. ఫుట్‌బాల్ గేమ్ కొనేవాడు ఏడాదికి అదొక్కటే కొంటాడు. వాడికి రెడిట్ ఏంటో తెలీదు. బెల్జియంలో కూడా ఆ ప్యాక్‌లు కొనే పాయింట్ల అమ్మకం ఆగింది ప్రభుత్వం పట్టుబట్టాకే, డౌన్‌వోట్లకి కాదు. తాటాకు చప్పుళ్లకి కుందేళ్లు బెదరవు. చట్టానికి బెదురుతాయి.

#6 లాగ్‌రాణి

ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు. రచ్చలన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు. ఎవరో ఏదో అన్నారన్న గొడవ వేరు, నా చేతిలో ఉన్న గేమ్ నాకు పనిచెయ్యదు అనే గొడవ వేరు.

హెల్‌డైవర్స్ 2 చూడండి, 2024 మే. మూడు నెలలుగా స్టీమ్‌లో హాయిగా ఆడుకుంటున్నవాళ్లకి ఒక రోజు చెప్పారు, ఇకపైన సోనీ వాళ్ల ప్లేస్టేషన్ అకౌంట్ తప్పనిసరిగా కలపాలని. ఆ అకౌంట్ సౌకర్యమే లేని దేశాలు 170కి పైగా ఉన్నాయి. అక్కడివాళ్లు ఏం చెయ్యాలి? వాళ్లు కూడా డబ్బిచ్చి కొన్నవాళ్లే. రెండు మూడు రోజుల్లో రెండు లక్షలకి పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి. సోనీ వెనక్కి తగ్గింది.

నేను ఆ గేమ్ ఆడుతున్నాను అప్పుడు. మా జట్టులో ఒకతను, ఎప్పుడూ 'గ్రెనేడ్', 'వెనక్కి', 'థాంక్స్' తప్ప నాలుగో మాట మాట్లాడి ఎరగడు. రెండేళ్లుగా తెలుసు, అసలు పేరు నాకు తెలీదు. ఆ మే నెలలో ఆయన జీవితంలో మొదటి రివ్యూ రాశాడు. నాలుగు లైన్లు. గొడవ తీరాక మళ్లీ వెళ్లి దాన్ని పాజిటివ్‌గా మార్చి, తిరిగి నిశ్శబ్దంలోకి వెళ్లిపోయాడు. ఆ మనిషిని పట్టింపు లేనివాడందామా, ఉన్నవాడందామా?

#7 దండయాత్ర

అందరూ అసలు విషయం తప్పించుకుంటున్నారు. కాంకార్డ్ అనే షూటింగ్ గేమ్ సంగతి చెప్పండి. ఆటగాళ్లకి బలవంతంగా సామాజిక పాఠాలు చెప్పబోయారు, మామూలు ఆటగాడు చెంప పగలగొట్టాడు. రెండు వారాల్లో మూసేశారు. ప్రజలు మేలుకున్నారు. ఇంకా పట్టింపు లేదంటారేంటి?

#8 మూడోలైఫ్

దండయాత్ర గారూ, చెంప పగలగొట్టాలన్నా ముందు ఎదుటివాడు కనపడాలి కదా. స్టీమ్‌లో కాంకార్డ్‌ని ఒకేసారి ఆడినవాళ్ల గరిష్ఠ సంఖ్య 697. 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబర్ 6న సర్వర్లు ఆపి డబ్బులు వెనక్కిచ్చారు. అది బాయ్‌కాట్ లెక్క కాదు, ఆ గేమ్ ఒకటి వచ్చిందని జనానికి తెలియకపోవడం. అదే రకం గేమ్‌లు ఉచితంగా దొరుకుతుంటే వీళ్లు 40 డాలర్లు పెట్టారు. ఆడేవాడు ఒకసారి రేటు చూసి, తను ఎప్పుడూ ఆడేది తెరుచుకున్నాడు. మీ వీడియోలు చూసి కొనడం మానేశాడనుకోవడం మీకు ఆనందం కావచ్చు.

అటువైపు వాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది, ఒక పక్షమని అనుకోకండి. హ్యారీ పోటర్ గేమ్ హాగ్వార్ట్స్ లెగసీని, ఆ కథల రచయిత్రి రోలింగ్ ట్రాన్స్‌జెండర్ల మీద చెప్పిన అభిప్రాయాల కారణంగా కొనొద్దని 2023లో ఎంత ప్రచారం జరిగింది. రెండు వారాల్లో కోటి 20 లక్షలు, ఆ ఏడాది చివరికి 2 కోట్ల 20 లక్షలు. కొనొద్దన్నవాళ్లకి బలమైన కారణాలే ఉన్నాయి. కానీ కొన్నవాళ్లలో ఎక్కువమందికి వాళ్లనేది చెవిన పడనే లేదు. వాళ్లకి చీపురు ఎక్కి ఎగరాలి, అంతే.

#9 దండయాత్ర

మీరే ఒప్పుకుంటున్నారు హాగ్వార్ట్స్ విషయంలో ప్రజలు బుద్ధి చెప్పారని. ఇంకేం కావాలి. లాస్ట్ ఆఫ్ అస్ 2కి ఆటగాళ్లు ఇచ్చిన రేటింగ్ కూడా చూసుకోండి.

#10 మూడోలైఫ్

చూశాను. 2020 జూన్ 19న గేమ్ విడుదలైంది. అదే రోజు వేలల్లో సున్నాలు పడ్డాయి. అది పూర్తి చెయ్యడానికి పాతిక గంటలు పట్టే గేమ్ సార్. రోజుకి ఇరవై నాలుగే ఉంటాయి. ఆ దెబ్బకే రేటింగులు పోగేసే మెటాక్రిటిక్ సైట్ వాళ్లు కొత్త గేమ్‌కి యూజర్ రేటింగులు 36 గంటలు ఆగాకే తీసుకుంటామని రూల్ పెట్టారు. అమ్మకాలంటారా, మొదటి మూడు రోజుల్లో 40 లక్షలు దాటాయి.

#11 మోడరేటర్

కాంకార్డ్, హాగ్వార్ట్స్, లాస్ట్ ఆఫ్ అస్ గురించి ఎవరు మంచివాళ్లు ఎవరు చెడ్డవాళ్లు అనే వాదనకి వేరే దారం ఉంది, 340 పేజీలు దాటింది, అక్కడ చోటు బోలెడుంది. ఇక్కడ ప్రశ్న మామూలుగా ఆడేవాళ్లకి పట్టింపు ఉందా లేదా అన్నదే. రెండు పోస్టులు తీసేశాను. దండయాత్ర గారికి మెసేజ్ పెట్టాను.

#12 టికెట్_నలభైఏడు

చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యాను, ఈ టాపిక్ చూసి ఆగలేకపోయా. కొన్నేళ్ల కిందట ఒక మొబైల్ గేమ్‌కి కస్టమర్ సపోర్ట్‌లో చేశాను. పేరు చెప్పను. మీరందరూ 'మామూలు ఆటగాడు' అని ఊహించుకునే మనిషి ఉత్తరాలు రోజంతా చదవడమే నా ఉద్యోగం.

ఏం రాసేవాళ్లో చెప్తాను. ఫోన్ మార్చాను, నా లెవెల్ పోయింది. డబ్బులు కట్ అయ్యాయి, డైమండ్లు రాలేదు. మా చిన్నోడు ఏదో నొక్కేశాడు, దయచేసి వెనక్కివ్వండి. నెట్ పోయి మళ్లీ వచ్చేసరికి ఈవెంట్ అయిపోయింది, నాలుగు రోజుల కష్టం, మీకు న్యాయమేనా? ఒక పెద్దావిడ, వాళ్ల ఆయన పోయాక ఆయన అకౌంట్‌లో ఉన్న ఊరిని తన అకౌంట్‌కి మార్చమని అడిగారు. రూల్స్ ప్రకారం కుదరదు. ఆవిడకి ఆ జవాబు నేనే టైప్ చెయ్యాల్సి వచ్చింది. ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఒకసారి మా గేమ్ మీద సోషల్ మీడియాలో పెద్ద దుమారం లేచింది. ఆఫీసంతా టెన్షన్, పైవాళ్లు మీటింగుల మీద మీటింగులు, మాకు రెడీమేడ్ జవాబులు రాసిచ్చారు. టికెట్ల కోసం కాచుక్కూర్చున్నాం. ఆ దుమారం గురించి ఒక్కరు అడిగితే ఒట్టు. ఫోన్ మార్చాను, డైమండ్లు రాలేదు, చిన్నోడు నొక్కేశాడు. అవే.

తర్వాత కొన్ని నెలలకి ఒక అప్‌డేట్‌లో, రోజూ బహుమతి తీసుకునే బటన్ ఉన్నచోట కొనుగోలు బటన్ పెట్టారు. అలవాటు కొద్దీ వేలు అక్కడికే పోతుంది కదా. అప్పుడు చూశాను అసలు వరద. వారం రోజులు ఇంటికెళ్లి నిద్రపోయింది లేదు. విచిత్రం ఏంటంటే దాని మీద ఒక్క వీడియో రాలేదు, ఒక్క హ్యాష్‌ట్యాగ్ లేదు. వాళ్ల రచ్చలు వాళ్లకున్నాయి. అవి మన దాకా రావు.

ఇంకొకటి, వాళ్లలో ఎక్కువమంది టికెట్ కూడా రాయరు. మానేస్తారు. కంపెనీలో గోడ మీద పెద్ద స్క్రీన్‌లో కనిపించే లెక్క అదే: కొత్తగా వచ్చినవాళ్లలో మర్నాడు ఎంతమంది మళ్లీ తెరిచారు, ఏడో రోజున ఎంతమంది, ముప్పయ్యో రోజున ఎంతమంది. బయట ఎంత అరుపులున్నా ఆ గీత కిందకి వంగకపోతే రెండు రోజుల టెన్షన్, మూడో రోజు టీ. అరుపుల్లేకుండా ఆ గీత వంగిందో, మేనేజర్ ముఖం చూడలేం.

#13 పిక్సెల్‌పిచ్చి

టికెట్ గారూ, మీరు చెప్పిన బటన్ కథకి పెద్ద తోబుట్టువు ఉంది. ఫోర్ట్‌నైట్ గేమ్ మీద అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ చేసిన ఆరోపణ అచ్చం ఇదే. బటన్లు అయోమయంగా పెట్టడం వల్ల గేమ్‌ని స్లీప్ నుంచి లేపబోయినా, లోడింగ్ స్క్రీన్ దగ్గర ఉన్నా పొరపాటున ఏదో కొనేసేవాళ్లని. 2022 డిసెంబర్‌లో ఆ గేమ్ తీసిన ఎపిక్ కంపెనీ 24 కోట్ల 50 లక్షల డాలర్లు వెనక్కివ్వడానికి ఒప్పుకుంది. 2024 చివర్లో మొదటి విడతగా 7 కోట్ల 20 లక్షల డాలర్ల దాకా జనానికి పంపారు.

ఆ చెక్కులు వచ్చినవాళ్లలో పాతకన్సోల్ అన్న లెక్క ప్రకారం 'పట్టింపు లేనివాళ్లు' ఎంతమందో.

#14 మ్యూట్‌లో_ఉన్నా

నమస్తే. రెండేళ్లుగా చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

మీరు 'మామూలుగా ఆడుకునేవాళ్లు' అంటున్నది నన్నే అనుకుంటా. నేను స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్ ఆడతాను, ఇంకో టీమ్ షూటింగ్ గేమ్ మావారితో కలిసి ఆడతాను. కొత్తవి ఏడాదికి ఒకటో రెండో కొంటాం, అదీ తగ్గింపు ధర ఉంటేనే. పైన మీరు చెప్పిన గొడవల్లో నాకు తెలిసినవి సున్నా. ఇప్పుడే చదివి తెలుసుకున్నాను. బ్యాటిల్‌ఫ్రంట్ కథ బాగుంది.

కానీ నాకు పట్టింపు లేదని మీలో మీరే తేల్చేస్తుంటే కొంచెం చిరాకేసింది. నేను ఎప్పుడో మైక్ ఆపేశాను. ఆడగొంతు వినిపించగానే మొదలయ్యేది మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒకరోజు ఒకడు మ్యాచ్ మొత్తం శత్రువుని కాల్చడం మానేసి నన్ను తిట్టడమే పనిగా పెట్టుకున్నాడు. ఆ రోజే మైక్ ఆపాను, ఇప్పటిదాకా తియ్యలేదు. ఎవరికీ కంప్లయింట్ ఇవ్వలేదు. పోస్టు పెట్టలేదు.

2014లో గేమర్‌గేట్ అని ఒకటి జరిగిందనీ, ఆడ డెవలపర్ల మీద, విమర్శకుల మీద నెలల తరబడి వేధింపులు సాగాయనీ నాకు ఆరేడేళ్ల తర్వాత ఎక్కడో చదివితే తెలిసింది. అప్పటికి నా మైక్ ఆగి ఎన్నేళ్లో. ఆ గొడవ పేరు నాకు తెలీదు గానీ ఆ గాలి మా ఇంట్లోకి వచ్చింది. దీన్ని మీ లెక్కలో ఎటువైపు వేస్తారు? నన్ను చూసి ఎవరైనా, ఈవిడకి ఆన్‌లైన్ గొడవలు పట్టవు, హాయిగా పార్స్‌నిప్ దుంపలు పండించుకుంటోంది అనే అంటారు.

#15 లాగ్‌రాణి

మ్యూట్‌లో గారూ, రాసినందుకు చాలా థాంక్స్. నా పేరులో 'రాణి' పెట్టుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, ముందు వేరే ఐడీ ఉండేది. ఇంకేం చెప్పను.

మా జట్టులో ఎప్పుడైనా ఒక చోటు ఖాళీ అవుతుంది, మైక్ అక్కర్లేదు.

#16 పాతకన్సోల్

మ్యూట్‌లో గారు చెప్పింది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. నేను అమ్మకాల లెక్కలు పట్టుకుని కూర్చున్నాను. గేమ్ కొన్నాడు కాబట్టి పట్టింపు లేదు అని. ఆవిడ కూడా కొన్నారు. ఆడుతున్నారు. నా లెక్కలో ఆవిడ అమ్ముడైన ఒక కాపీ, అంతే. మైక్ ఆగిన సంగతి ఆ లెక్కలో కనపడదు.

నా 2009 స్క్రీన్‌షాట్‌ని కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. పూర్తిగా కాదు.

#17 పిక్సెల్‌పిచ్చి

పాతకన్సోల్ అన్న వెనక్కి తగ్గాడు, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండి 😂

#18 మూడోలైఫ్

నాకు ఈ 'మామూలు ఆటగాడు' అనే మాట మీదే అనుమానం. ఆ పేరుతో విడిగా ఒక జాతి ఉందా?

నా సంగతే చూడండి. 2012లో మాస్ ఎఫెక్ట్ 3 ఎండింగ్ మీద నేను చేసిన గోల అంతా ఇంతా కాదు. మూడు గేమ్‌ల పాటు తీసుకున్న నిర్ణయాలన్నీ చివరికి మూడు రంగుల వెలుగుల్లోకి కుదించేశారు. అభిమానులు చందాలేసుకుని, ఆ గేమ్ తీసిన బయోవేర్ ఆఫీసుకి 400 కప్‌కేకులు పంపారు. పైన ఎరుపు, నీలం, ఆకుపచ్చ క్రీము, కొరికి చూస్తే అన్నీ ఒకటే వెనీలా. ఎన్ని రంగులిచ్చినా లోపల ఒకటేగా, అని. నిరసనల్లో అంత అందమైనది నేను మళ్లీ చూడలేదు. ఆ జూన్‌లో ఎండింగ్‌ని పొడిగించి ఉచితంగా ఇచ్చారు.

అదే నేను, పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్ వచ్చినప్పుడు పాత పోకెమాన్‌లన్నీ లేవని లోకం అల్లకల్లోలం అయిపోతుంటే, కొని, ఆడి, బాగుందనుకుని, మా అక్క కొడుక్కి ఇచ్చేశాను. గొడవ జరిగిందని ఏడాది తర్వాత తెలిసింది. మొదటి వారాంతంలోనే 60 లక్షలు అమ్ముడయ్యాయి. అందులో ఒకటి నాది. ఆ 60 లక్షల్లో మాస్ ఎఫెక్ట్ కోసం కేకులకి చందా వేసినవాడు ఉన్నాడని పోకెమాన్ అభిమానికేం తెలుసు?

నేను ఒక గేమ్‌కి అరిచేవాణ్ణి, తొమ్మిది గేమ్‌లకి సేవ్‌పాయింట్ వాళ్ల బావని. మీలో ఎవరైనా కాదంటారా?

ఇంకో ముక్క. ఎండింగుల మీద ఇంత కొట్టుకుంటాం కదా, స్టీమ్‌లో ఏదైనా పెద్ద కథ ఉన్న గేమ్ తీసి అచీవ్‌మెంట్ల (ఫలానా దశ దాటితే వచ్చే గుర్తుల) శాతాలు చూడండి. చివరిది వచ్చినవాళ్లు చాలా గేమ్‌ల్లో సగం కూడా ఉండరు. మనం ఏ ఎండింగ్ కోసం తలలు పగలగొట్టుకున్నామో, కొన్నవాళ్లలో సగానికి పైగా అక్కడిదాకా వెళ్లనే లేదు.

#19 సేవ్‌పాయింట్

> తొమ్మిది గేమ్‌లకి సేవ్‌పాయింట్ వాళ్ల బావని

ఇది నా సంతకంగా పెట్టుకోవచ్చా?

#20 లాగ్‌రాణి

మూడోలైఫ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఎవరికైనా తన దాకా వస్తే గానీ తెలీదు అంటాం కదా, కొన్ని విషయాల్లో తన దాకా వచ్చేసరికే ఆలస్యం అయిపోతుంది. ది క్రూ అని కార్ల గేమ్, 2014లో వచ్చింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడే భాగం కూడా ఆ సర్వర్లతోనే ముడిపడి ఉంది కాబట్టి మొత్తం పోయింది. డిస్క్ కొని అలమరలో పెట్టుకున్నవాళ్లకి మిగిలింది ప్లాస్టిక్ ముక్క. ఇలా ఆన్‌లైన్ సర్వర్ తప్పనిసరి చెయ్యొద్దని మొత్తుకున్నవాళ్లని పదేళ్లు, అతి చేస్తున్నారు అన్నారు. దాని తర్వాత మొదలైంది, కొన్న గేమ్‌లని ఇలా చంపొద్దంటూ, స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం. యూరప్‌లో 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది. గడువు అయ్యేసరికి 14 లక్షలు.

ఆ 14 లక్షలమందీ రోజంతా ఫోరమ్‌లలో కూర్చునేవాళ్లేనంటే నేను నమ్మను.

#21 పాతకన్సోల్

సంతకాల దాకా ఒప్పుకుంటా. కానీ దీనికి రెండో వైపు కూడా చూడు. 2013లో మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎక్స్‌బాక్స్ వన్ కన్సోల్ రోజుకొకసారి ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వాలనీ, డిస్క్ ఇంకొకరికి ఇవ్వడానికి షరతులనీ అన్నప్పుడు ఆ రచ్చ ఫోరమ్‌లు దాటి దుకాణాల దాకా వెళ్లింది. సోనీ వాళ్లు ఇరవై సెకన్ల వీడియోలో ఒకడి చేతి నుంచి ఇంకొకడి చేతికి డిస్క్ ఇప్పించి, ఇదే మా పద్ధతి అని వెక్కిరించారు. మైక్రోసాఫ్ట్ పది రోజులు తిరక్కుండానే అన్నీ వెనక్కి తీసుకుంది. గెలిచాం అనుకున్నాం.

ఇప్పుడు నా కన్సోల్‌కి డిస్క్ పెట్టే చోటే లేదు. నేనే ఎంచుకుని కొన్నాను, కాస్త చవకని. అప్పుడు తలుపు దగ్గర అడ్డుకున్నది చాప కింద నీరులా వచ్చేసింది, నా చేతులతో నేనే తెచ్చుకున్నా.

#22 పిక్సెల్‌పిచ్చి

సైబర్‌పంక్ 2077 గేమ్ గురించి ఎవరూ అనలేదేంటి? 2020 డిసెంబర్ చివరికి కోటి 37 లక్షల కాపీలు. పాత కన్సోళ్లలో పది నిమిషాలకోసారి ఆగిపోయే స్థితి, సోనీ తన స్టోర్ నుంచే తీసేసింది. అంత జరిగాక కంపెనీ నేరుగా నడిపిన రీఫండ్ పథకం కింద తిరిగిచ్చినవి 30 వేలు. దుకాణాలు ఇచ్చినవి వేరే అనుకోండి. కోటి మందికి పైగా విసుక్కుంటూనే ఉంచుకున్నారు, బాగుచేస్తారులే అని. నిజంగానే చేశారు, 2024కల్లా అమ్మకాలు 3 కోట్లు దాటాయి.

ఇది నా వాదనకి ఉపయోగమో పాతకన్సోల్ అన్న వాదనకో నాకే అర్థం కాలేదు. అందుకే చివరిదాకా దాచుకున్నా.

#23 టికెట్_నలభైఏడు

అది సపోర్ట్‌లో పనిచేసినవాళ్లకి అర్థమవుతుంది. రీఫండ్ ఫారం నింపడమంటే మెయిల్ వెతకాలి, రసీదు వెతకాలి, పాస్‌వర్డ్ మర్చిపోయుంటారు. చాలామంది సగంలో వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్లని తృప్తిగా ఉన్నవాళ్ల కింద లెక్కేసుకోవడం కంపెనీలకి అలవాటే.

#24 మ్యూట్‌లో_ఉన్నా

లాగ్‌రాణి గారూ, మీ మెసేజ్‌కి జవాబిచ్చాను. శనివారం కుదురుతుంది. నేను గ్రెనేడ్లు సరిగ్గా వెయ్యలేను, ముందే చెప్తున్నా. రెండుసార్లు మావారినే పేల్చాను.

#25 లాగ్‌రాణి

మా మూడు మాటల మనిషి రోజూ మమ్మల్ని పేలుస్తాడు. ఏం ఫర్వాలేదు. తర్వాత 'థాంక్స్' కూడా అంటాడు, ఎందుకో తెలీదు.

#26 సేవ్‌పాయింట్

నిన్న రాత్రి ఈ దారం మొత్తం మా బావకి పంపించాను. చదివి తన అభిప్రాయం చెప్పమన్నాను, ఇక్కడ పెడదామని.

పొద్దున జవాబొచ్చింది. రెండు ముక్కలు: "చాలా పెద్దది. తర్వాత చదువుతా." గంట తర్వాత ఇంకో మెసేజ్. ఆత్రంగా తెరిచాను.

"రాత్రి అప్‌డేట్ వచ్చింది. గుర్రం సరిచేశారు. ఇప్పుడు దిగితే చెట్టెక్కుతోంది."